కంచె రాకముందు పొలిమేర

పొలిమేరకు కంచె ఉండదు. ఏ ఊళ్ళోనైనా అంతే. ఒక రాతినో, చింతచెట్టునో, వాగు మలుపునో చూపించి 'ఇక్కడిదాకా మనది' అంటారు. పెద్దలు చూపించాలి, పిల్లలు గుర్తుపెట్టుకోవాలి. పంజాబ్‌లోనూ బెంగాల్‌లోనూ రెండు దేశాల మధ్య హద్దు కూడా చాలా ఏళ్ళు ఇలా వేలితో చూపిస్తేనే తెలిసేది. విభజనలో భారత్, పాకిస్తాన్‌లను వేరుచేసిన రాడ్‌క్లిఫ్ గీత 1947 ఆగస్టు 17న బయటపడింది. దాన్ని గీసిన పెద్దమనిషి ఈ దేశంలో మొదటిసారి అడుగుపెట్టింది ఆ ఏడాది జులై 8న. గీత కాగితం మీద పడింది గానీ, పొలంలో నిలబడి చూస్తే ఏమీ కనిపించేది కాదు. అటు గోధుమే, ఇటూ గోధుమే.

తర్వాత సర్వేవాళ్ళు వచ్చి సిమెంటు స్తంభాలు పాతారు. తూర్పు సరిహద్దున పెద్ద స్తంభాలకు వరుస నంబర్లు వేశారు. రెండు పెద్ద స్తంభాల మధ్య వచ్చే చిన్నవాటికి ఆ నంబరు పక్కనే గీత పెట్టి ఇంకో అంకె వేశారు. ఒక ముఖాన ఇండియా అని, రెండో ముఖాన పాక్ అని చెక్కారు. 1971లో బంగ్లాదేశ్ పుట్టాక కూడా ఆ పాక్ అక్షరాలు చాలా స్తంభాల మీద దశాబ్దాల తరబడి అలాగే ఉండిపోయాయి. దేశం పేరు మారినా రాయి మీద పేరు మార్చడానికి ఎవరికీ తొందర లేదు. ఆ రోజుల్లో సరిహద్దు అంటే అంతే తీరిక. పశువుల కాపరి వీపు ఆనించుకునే రాయి అది. వరదకు ఒరిగితే రెండు వైపుల సర్వేవాళ్ళు ఒకరోజు చూసుకుని కలిసి వచ్చి మళ్ళీ నిలబెట్టే రాయి.

పాస్‌పోర్టు, వీసా పద్ధతి 1952 అక్టోబరులో వచ్చింది. చట్టం దృష్టిలో హద్దు ఆ రోజే గట్టిపడింది. ఊళ్ళ దృష్టిలో గట్టిపడటానికి మాత్రం ఇంకో ముప్ఫై నలభై ఏళ్ళు పట్టింది. పశ్చిమ బెంగాల్‌లో దక్షిణ దినాజ్‌పూర్ జిల్లా హిలీనే చూడండి. ఊరు ఇటు ఉంది, రైలు స్టేషను అటు పోయింది, మధ్యలో పట్టాలే దాదాపు హద్దు. అక్కడివాళ్ళు సరిహద్దును రైలు కూతతో గుర్తుపట్టేవారే తప్ప తుపాకీతో కాదు. ఓపార్, ఏపార్ అంటారు బెంగాలీలో. అంటే ఆ ఒడ్డు, ఈ ఒడ్డు. ఏటికి రెండు ఒడ్లు ఉన్నట్టు దేశానికీ ఉన్నాయనుకున్నారు. ఆ మాటలో భయం లేదు. ఇప్పుడు అదే నోటివెంట ఎక్కువగా వినిపించేది 'కాఁటాతార్'. ముళ్ళతీగ అని అర్థం. పంజాబ్‌లో అయితే 'తారోఁ పార్' అంటారు, తీగ అవతల అని. దిక్కు చెప్పడానికి ఒకప్పుడు ఒడ్డు ఉండేది, ఇప్పుడు తీగ ఉంది.

కంచెలు ఎప్పుడు వచ్చాయో వరుసలో చెప్పుకోవాలి, ఎందుకంటే అన్నీ ఒకే కారణానికి రాలేదు. పంజాబ్‌లో 553 కిలోమీటర్ల సరిహద్దుకు కంచె పని 1988లో మొదలై 1993 నాటికి పూర్తయింది. అప్పుడక్కడ తీవ్రవాదం రోజులు. తూర్పున మూలం వేరు. 1985 ఆగస్టు 15 నాటి అస్సాం ఒప్పందంలో వలసలను ఆపడానికి గోడలు, ముళ్ళకంచెలు అని రాసుకున్నారు. 1989లో పని మొదలైంది, 2000 తర్వాత రెండో దశ వచ్చింది. బంగ్లాదేశ్‌తో మన సరిహద్దు 4,096 కిలోమీటర్లు. అందులో మూడు వేలకు పైగా ఇప్పుడు కంచె పడింది. కశ్మీర్ నియంత్రణ రేఖ మీది కంచె 2003, 2004ల నాటిది. అంటే ఈ కంచెల్లో ఏదీ విభజన నాటిది కాదు. విభజనను కళ్ళారా చూసిన తరం సగం వెళ్ళిపోయాక వచ్చినవే అన్నీ. ఇది తెలియక చాలామంది కంచెనూ 1947నూ ఒకే ఫోటోలో ఊహించుకుంటారు.

ఇంకో పెద్ద పొరపాటు, కంచెనే సరిహద్దు అనుకోవడం. బయటివాళ్ళే కాదు, కంచె వచ్చాక పుట్టిన అక్కడి పిల్లలూ అలాగే అనుకుంటారు. అసలు గీత కంచెకు అవతల ఉంటుంది. 1975లో ఇండియా, బంగ్లాదేశ్ సరిహద్దు అధికారులు రాసుకున్న మార్గదర్శకాల ప్రకారం సున్నా రేఖకు, అంటే అసలు గీతకు, రెండు వైపులా 150 గజాల లోపు రక్షణ కట్టడం ఏదీ ఉండకూడదు. కంచె రక్షణ కట్టడమా కాదా అన్న వాదన ఎంత నడిచినా, మామూలుగా కంచెను మాత్రం 150 గజాలు, అంటే సుమారు 137 మీటర్లు, లోపలికి జరిపే వేశారు. కాగితం మీద చిన్న అంకె. కానీ గీత వంకరగా పోతుంది, కంచె వీలైనంత తిన్నగా పోవాలి. నది వంపు తిరిగినచోట, చిత్తడి నేల వచ్చినచోట ఆ 150 గజాలు అర కిలోమీటరు దాటిపోయిన జాగాలున్నాయి. ఆ మధ్యలో పొలాలున్నాయి, చెరువులున్నాయి, బెంగాల్‌లోనైతే ఏకంగా ఇళ్ళూ, గుడులూ, మసీదులూ ఉన్నాయి.

ఆ ఇళ్ళవాళ్ళు మన ఓటర్లే, రేషను కార్డూ మనదే, కానీ ఇంటికి పోవాలంటే గేటు దాటాలి. 'దేశంలోకి వెళ్ళొస్తా' అనే మాట అక్కడ హాస్యానికీ అంటారు, నిజంగానూ అంటారు.

కంచె ఎలా ఉంటుందో కూడా చెప్పుకోవాలి, ఫోటోల్లో అది ఒక్క తీగలా కనిపిస్తుంది కాబట్టి. ఇనప స్తంభాలు రెండు వరుసలు. ఒక్కో వరుసకు అడ్డంగా, ఏటవాలుగా ముళ్ళతీగలు. రెండు వరుసల మధ్య చుట్టలు చుట్టలుగా పరిచిన బ్లేడు తీగ. ఎత్తు చోటును బట్టి ఎనిమిది అడుగుల నుంచి పన్నెండు అడుగుల దాకా. వెంబడే గస్తీ బాట, లైటు స్తంభాలు, అక్కడక్కడ గేట్లు. పంజాబ్‌లో కొన్నిచోట్ల రాత్రిళ్ళు కరెంటు పారే తీగ కూడా ఉండేది, దాన్ని కోబ్రా తీగ అనేవారు. ఇదంతా వేయడానికి నేల కావాలి. కంచే చేను మేస్తే అని మనకో సామెత ఉంది. ఈ కంచె వేరే దురుద్దేశమేమీ లేకుండానే, నిలబడిన చోటికీ బాటకీ కలిపి మొదటి రోజే కొంత చేను మేసింది. మిగతా మేత తర్వాత నెమ్మదిగా మొదలైంది.

ఒక మాట నిజాయితీగా చెప్పాలి. కంచె పడుతున్న రోజుల్లో పంజాబ్ సరిహద్దు ఊళ్ళు దాన్ని చాలావరకు హాయిగానే చూశాయి. 1980ల చివర్లో అక్కడ చీకటి పడితే తలుపు తీసే ధైర్యం ఎవరికీ లేదు. అటునుంచి ఆయుధాలు వస్తున్నాయి, ఇటు మనుషులు పోతున్నారు. తూర్పునా అంతే, పశువుల దొంగతనం, కోతకొచ్చిన పంట రాత్రికి రాత్రి మాయం కావడం మామూలే. కంచె వచ్చాక దొడ్లో పశువు తెల్లారేదాకా ఉంటుందన్న నమ్మకం కుదిరింది. ఈ మంచిని వదిలేసి కంచెను తిట్టే వ్యాసాలంటే నాకు కాస్త చిరాకు. అయితే భయం పోలేదు, దిక్కు మార్చుకుంది. పాత భయం అటునుంచి వచ్చేవాడి గురించి. కొత్త భయం గేటు మూసే వేళ గురించి.

గేటు సంగతి వివరంగా చెప్పాలి. ఈ మొత్తం వ్యవహారంలో మనిషి చెయ్యి తగిలేది అక్కడే.

పంజాబ్‌లోని ఆరు సరిహద్దు జిల్లాల్లో, పఠాన్‌కోట్ నుంచి ఫాజిల్కా దాకా, కంచె అవతల ఉండిపోయిన సాగుభూమి 21,000 ఎకరాలకు పైమాటే. ఆ రైతుకు సరిహద్దు భద్రతా దళం, అంటే బీఎస్ఎఫ్, ఇచ్చే గుర్తింపు కార్డు ఉంటుంది. పొద్దున్నే గేటు దగ్గర వరుసలో నిలబడాలి. కార్డు చూపించి, రిజిస్టరులో పేరు రాయించి, తనిఖీ అయ్యాక లోపలికి పోవాలి. ట్రాక్టరు అయితే సీటు కింద, టూల్‌బాక్సులో, ట్రాలీ అడుగున కూడా చూస్తారు. కూలీలను తీసుకెళ్ళాలంటే వాళ్ళ పేర్లూ రాసి ఉండాలి. చాలా ఏళ్ళు ఆడకూలీలు దాదాపు పోలేకపోయారు, తనిఖీ చేయడానికి ఆడ జవాన్లు లేక. బీఎస్ఎఫ్‌లో మహిళా కానిస్టేబుళ్ళు 2009 ప్రాంతంలో వచ్చాకే నాట్లకూ కలుపుకూ మళ్ళీ ఆడవాళ్ళు గేటు దాటారు. లోపల పని చేస్తున్నంతసేపూ తోడు జవాన్లుంటారు. సాయంత్రం లోపలికి పోయిన లెక్కా బయటికి వచ్చిన లెక్కా సరిపోవాలి. ఒక్క తల తగ్గినా గేటు దగ్గర అందరూ ఆగాల్సిందే.

ఇందులో ఏది తప్పుతుందంటే, వేళ. కాగితం మీద పొద్దున్నుంచి సాయంత్రం దాకా. చలికాలం పొగమంచు దిగితే ఎదుటి మనిషి కనబడడు, మంచు విడిచేదాకా గేటు తెరవరు. డిసెంబరు, జనవరిల్లో పదకొండు కొట్టేదాకా కూడా విడవని రోజులున్నాయి. అటు చూస్తే గోధుమకు తడి పెట్టే రోజులు అవే. కూలీకి ఇచ్చేది పూర్తి రోజు కూలి, వచ్చేది నాలుగైదు గంటల పని. పైగా గేట్లు దూరదూరంగా ఉంటాయి. కంచె ఇవతల నిలబడితే రైతుకు తన చేను వంద గజాల్లో కనిపిస్తుంది. అందులో కాలు పెట్టాలంటే ఇటు ఒకటి రెండు కిలోమీటర్లు నడిచి గేటు దాటి, అటు మళ్ళీ అంతే దూరం వెనక్కి నడవాలి.

వరికి రాత్రి నీళ్ళు పెట్టే వీల్లేదు, మనిషే ఉండకూడదు కాబట్టి. కరెంటు లైను కంచె దాటించడమూ కష్టమే, అందుకే చాలామంది డీజిలు ఇంజన్ల మీద ఆధారపడ్డారు. రాత్రి కాపలా లేని చేను అడవిపందులకు తెలుసు. గుంపుగా దిగి ఒక్క రాత్రిలో ఎకరం తొక్కేస్తాయి. పొద్దున గేటు తెరిచాక వెళ్ళి చూసుకోవడమే. ఇక ఏం వేయాలన్నదీ రైతు ఇష్టం కాదు. చెరకు, మొక్కజొన్న లాంటి నిలువెత్తు పైర్లు వేయకూడదు, వాటి వెనక మనిషి దాక్కుంటే జవానుకు కనబడడు. కాబట్టి గోధుమ, వరి. పంట మార్చమని వ్యవసాయ అధికారులు మైకుల్లో చెబుతుంటే కంచె అవతలి రైతు నవ్వుకోవడం తప్ప చేసేదేముంది. పరిహారం ఎకరాకు ఏడాదికి 10,000 రూపాయలు అన్న అంకె ఒకటి నడుస్తోంది. అది వేళకు అందదన్న ఫిర్యాదు కూడా దాదాపు అంతే పాతది.

ఇన్ని జరిగాక ఆ చేను ధర ఎలా ఉంటుందో ఊహించుకోవచ్చు. ఊళ్ళో పొలం ఎంతుందని అడిగితే 'పదెకరాలు, అందులో ఆరు తీగ అవతల' అని విడదీసి చెబుతారు. పెళ్ళిసంబంధాల్లో ఆ ఆరెకరాలను లెక్కలోకి తీసుకోరు.

తూర్పున పైరు మారింది గానీ కథ అదే. అక్కడ బాధ జనపనారది. నిలువెత్తును మించి, పది అడుగుల దాకా పెరిగే మొక్క అది. జూన్, జులైల్లో జనపచేను మధ్యలోంచి ఎవరు నడిచినా బయటికి తెలియదు. అందుకని కంచె వెంబడి వేయవద్దంటారు. అరటికీ అదే గొడవ. బెంగాల్ రైతుకు జనపనార చేతికి డబ్బొచ్చే పంట, బదులుగా పప్పు వేసుకో అంటే అది సలహాయే కానీ సమాధానం కాదు. వీటికి తోడు 2016లో బంగ్లాదేశ్‌లో గోధుమకు బ్లాస్ట్ తెగులు వచ్చింది. మరుసటి ఏడాది ముర్షిదాబాద్, నదియా జిల్లాల్లోనూ కనిపిస్తే పైరు తగలబెట్టించి, సరిహద్దుకు ఐదు కిలోమీటర్ల లోపు గోధుమే వద్దన్నారు. పశువును ఆపిన కంచె శిలీంధ్రాన్ని ఆపలేదు. ఇంత చిన్న సంగతి కూడా సరిహద్దు రైతుకు కంచె మీద ఉన్న అంచనాను మారుస్తుంది: ఇది ఎవర్ని ఆపడానికి కట్టారు, ఎవర్ని ఆపుతోంది అని.

బెంగాల్ గేట్లు చాలాచోట్ల రోజుకు మూడుసార్లు, కాసేపు కాసేపు తెరిచేవి. పొద్దున, మధ్యాహ్నం, సాయంత్రం. ఓటరు కార్డు గేటు దగ్గర పెట్టి పోవాలి, తిరిగొచ్చేటప్పుడు తీసుకోవాలి. పొలానికి పోయి మధ్యలో ఎండ తగిలినా, కత్తి విరిగినా, రెండో విడత తెరిచేదాకా అక్కడే. అవతల ఇళ్ళున్నవాళ్ళకు ఇంకా తిప్పలు. బడిపిల్ల ట్యూషను సాయంత్రం గేటు వేళను మించకూడదు. పెళ్ళయితే చుట్టాల జాబితా ముందే ఔట్‌పోస్టుకు ఇవ్వాలి. రాత్రి పురిటినొప్పులు వస్తే ముందు గేటు తాళం ఎవరి దగ్గరుందో వెతకాలి, డాక్టరు ఆ తర్వాత. మంచి కమాండరు ఉంటే ఐదు నిమిషాల్లో తీస్తారు, కొత్తగా వచ్చినవాడైతే పైవాళ్ళను అడగాలంటాడు. ఊళ్ళవాళ్ళ దృష్టిలో భద్రత అనేది ఢిల్లీ విధానం కాదు, ఈ మూడేళ్ళకు ఔట్‌పోస్టుకు వచ్చిన మనిషి స్వభావం. ఏ సరిహద్దు ఊళ్ళో అడిగినా కాలాన్ని బెటాలియన్లతో లెక్కపెడతారు: 'ఫలానా బెటాలియన్ ఉన్నప్పుడు' అని.

గడియారం చేతికొచ్చిన హద్దుకు పశ్చిమ బెంగాల్‌లోని తీన్‌బిఘా కంటే మంచి ఉదాహరణ లేదు. 178 మీటర్ల పొడవు, 85 మీటర్ల వెడల్పు ఉన్న నేలముక్క. దహగ్రామ్, అంగర్‌పోతా అనే బంగ్లాదేశ్ ఊళ్ళు మన నేల మధ్యలో చిక్కుకుంటే, వాటికి దారిగా 1992 జూన్ 26న దీన్ని తెరిచారు. మొదట్లో పగటిపూట గంట విడిచి గంట. అంటే ఒక గంట వాళ్ళ దారి, తర్వాతి గంట మన దారి. ఇరవై నాలుగు గంటలూ తెరవడానికి 2011 దాకా పట్టింది. చుట్టుపక్కల ఇలాంటి ముక్కలు బంగ్లాదేశ్‌లో మనవి 111, మన దగ్గర వాళ్ళవి 51 ఉండేవి. 2015 జులై 31 అర్ధరాత్రి అవన్నీ చేతులు మారాయి. ఈ ముక్కలను ఛిట్‌మహల్ అనేవారు, ఆ మాట దాంతో పాతబడిపోయింది. అంతకుముందు ఆ ముక్కల్లో ఉన్నవాళ్ళకు ఏ దేశపు పోలీసూ రాడు, ఏ దేశపు కరెంటూ రాదు. కంచె వచ్చేదాకా దాని బాధ అంత తెలియలేదు, సంతకు ఇటో అటో పోయి గడుపుకునేవారు. హద్దు కనబడని రోజుల్లో హద్దు తప్పుగా గీసినా సర్దుకుపోయింది.

కంచె కూడా ముసలిదవుతుంది, ఈ సంగతి ఎవరూ ఫోటో తీయరు. తూర్పున వాన, తేమ, వరదనీరు. మొదటి దశలో వేసిన 850 కిలోమీటర్ల పైచిలుకు కంచె తుప్పు పట్టి, తెగి, మొత్తం మళ్ళీ కొత్తగా వేయాల్సి వచ్చింది. పంజాబ్‌లో రావి, సట్లెజ్ నదులు పొంగినప్పుడల్లా స్తంభాల కింద మట్టి కొట్టుకుపోతుంది. 2025 వరదల్లోనూ కిలోమీటర్ల కొద్దీ కంచె నీట మునిగింది. ఔట్‌పోస్టులు ఖాళీ చేశారు. నది దారి మార్చుకుంటే కంచె ఒక ఒడ్డున, చేను ఇంకో ఒడ్డున. ఫిరోజ్‌పూర్ జిల్లా కాలూవాలా ఊరికి మూడు వైపులా సట్లెజ్, నాలుగో వైపు కంచె. అలాంటి ఊళ్ళో పడవ నడిపేవాడికి ఉన్న విలువ గేటు తీసేవాడికీ ఉండదు.

రాజస్థాన్‌లో శత్రువు ఇసుక. ఒక్క గాలిదుమారానికి దిబ్బ జరిగి కంచె మీదికి ఎక్కుతుంది. కిందటి నెల పదడుగులున్న కంచె ఇప్పుడు మోకాలెత్తు. తవ్వి తీయాలి, లేదా పైన ఇంకో వరుస తీగ వేయాలి. అయితే అదే ఇసుక కావలికీ పనికొస్తుంది. కంచె పక్కన ఒక పట్టీని రోజూ సాపు చేసి ఉంచుతారు, పొద్దున్నే దాని మీద అడుగులు వెతుకుతారు. దీన్ని ఖురా చూడటం అంటారు. ఒంటె అడుగా, బరువు మోసిన మనిషి అడుగా, వెనక్కి నడుస్తూ మోసం చేసిన అడుగా అని విడదీసి చెప్పే ఖోజీలు, పగీలు ఆ ఎడారి ఊళ్ళ నుంచే వచ్చారు. కంచెకు ముందునుంచీ ఉన్న విద్య అది, ఒంటె దొంగల జాడ తీయడానికి పుట్టింది. ఊరి విద్యకు ప్రభుత్వ భద్రతలో చోటు దొరికిన తావు అదొక్కటే అనిపిస్తుంది. తీగలు, లైట్లు బయటినుంచి వచ్చినవి.

కంచెను దాటే ఉపాయాలు కూడా కంచెతోపాటే ఎదిగాయి. తూర్పున పశువులను దాటించడానికి వెదురుతో తూనిక కట్టేవారు, మన ఏతం లాగే: ఒక కొసన ఆవు, ఇంకో కొసన నలుగురు మనుషులు. పంజాబ్‌లో ప్లాస్టిక్ గొట్టం. తీగల మధ్య సందు ఎంతో గొట్టం అంత, గొట్టం ఎంతో హెరాయిన్ పొట్లం అంత. కాపలావైపు ఉపాయాలూ అలాగే చవకవి. ఖాళీ గాజుసీసాలు జతలుగా తీగకు వేలాడదీస్తే, తీగ కదిలితే చాలు గణగణమంటాయి. 2023లో నదియా జిల్లాలో బీఎస్ఎఫ్ బెటాలియన్ ఒకటి కంచె మీద తేనెటీగల పెట్టెలు పెట్టింది. తీగ కోయడానికి వచ్చేవాడికి ఈగలు, ఊరివాళ్ళకు తేనె. ఇంత ఇనుము పెట్టిన చోట చివరికి ఈగను నమ్ముకోవడంలో నాకో చిన్న సంతోషం ఉంది, దాచుకోను.

2019లో తరన్‌తారన్ జిల్లాలో డ్రోన్లతో ఆయుధాలు దిగిన సంగతి బయటపడ్డాక లెక్క మొత్తం మారింది. ముప్ఫై ఏళ్ళుగా కంచె వైపు చూడటం నేర్చుకున్న ఊళ్ళు ఇప్పుడు పైకి చూస్తున్నాయి. రాత్రి మోటారు హోరు వినబడితే ఔట్‌పోస్టుకు చెప్పమంటారు. చెబితే పొద్దున ఆ చేలో పొట్లం కోసం వెతుకులాట, పైరు తొక్కుడు, చేను ఎవరిదో వాడికి ప్రశ్నలు. చెప్పకపోతే ఇంకో రకం ప్రశ్నలు.

రాత్రి మాట వచ్చింది కాబట్టి లైట్ల గురించి. 2011లో అంతరిక్ష కేంద్రం నుంచి తీసిన ఫోటోలో భారత్, పాకిస్తాన్ సరిహద్దు నారింజ రంగు గీతలా కనిపించింది. గీసినప్పుడు నేల మీదే కనబడని గీత, ఆకాశం నుంచి కనబడే స్థితికి వచ్చింది. ఆ సోడియం దీపాల కింద ఊళ్ళు ఉన్నాయి. దీపం చుట్టూ పురుగులు, పురుగుల కింద పైరు. ఆరుబయట మంచాలేసుకుని పడుకునే వేసవి రాత్రుల్లో చుక్కలు లెక్కపెట్టడం పోయింది. ముసలివాళ్ళు పోగొట్టుకున్నవాటిలో మొదట చెప్పేది చాలాసార్లు అటువైపు చుట్టాల్ని కాదు, ఈ చీకటినే. మరి లైటు ఒక రాత్రి వెలగకపోతే అదే ముసలివాళ్ళకు నిద్ర పట్టదు, ఏదో జరగబోతోందని. లైటు ఉంటే చికాకు, లేకుంటే భయం.

గేటు కూడా యుద్ధానికి గాలికోడి లాంటిది. 2001 డిసెంబరు తర్వాత సైన్యం సరిహద్దుకు చేరినప్పుడు పొలాల్లో మందుపాతరలు వేశారు. వాటిని ఏరి తీసేదాకా సాగు లేదు. 2016 సెప్టెంబరు చివర్లో పంజాబ్‌లో సరిహద్దుకు పది కిలోమీటర్ల లోపు ఊళ్ళు ఖాళీ చేయించారు. 2025 ఏప్రిల్ చివర్లో పహల్గామ్ దాడి తర్వాత, కంచె అవతలి గోధుమ రెండు రోజుల్లో కోసుకోమని గురుద్వారా మైకుల్లో చెప్పించారు. కంబైన్లు దొరికినవాడు గట్టెక్కాడు. అందుకే అక్కడివాళ్ళు యుద్ధవార్తలు టీవీలో వినడం కంటే గేటు ఎన్నింటికి తెరిచారో చూస్తారు. గంట ఆలస్యమైతే ఒక అర్థం, అసలు తెరవకపోతే ఇంకో అర్థం.

కంచెకు అటు చూసే ఆశ మాత్రం పోలేదు. పంజాబ్‌లో డేరా బాబా నానక్ దగ్గర సరిహద్దులో ఒక ఎత్తైన అరుగు కట్టి దుర్భిణీలు పెట్టారు. నాలుగున్నర కిలోమీటర్ల అవతల, పాకిస్తాన్‌లో, కర్తార్‌పూర్ గురుద్వారా. గురునానక్ చివరి పద్దెనిమిదేళ్ళు గడిపిన చోటు. వానాకాలం తర్వాత అటువైపు రెల్లు ఏపుగా పెరిగితే గుమ్మటం కనపడేది కాదు. అటువాళ్ళు ఆ గడ్డి కోయిస్తే మళ్ళీ కనిపించేది. దర్శనం గడ్డి ఎత్తు మీద ఆధారపడి ఉండేది, 2019 నవంబరు 9న యాత్రికులు అక్కడికి వెళ్ళే దారి, కారిడార్, తెరిచేదాకా.

మేఘాలయలో 2011 జులైలో కలాయ్‌చర్ దగ్గర తెరిచిన సరిహద్దు సంత ఇంకోలా పనిచేసింది. 75 మీటర్ల చదరం, చుట్టూ కంచె, రెండు దేశాల వైపూ చెరో గేటు. ఐదు కిలోమీటర్ల లోపు ఊళ్ళవాళ్ళే రావాలి, కొనుగోలుకు మొదట్లో 50 డాలర్ల పరిమితి, తర్వాత పెంచారు. వంకాయలకూ దోసకాయలకూ డాలర్లలో హద్దు పెట్టడం చూస్తే నవ్వొస్తుంది. అయినా, ముసలమ్మలు అక్కడికి కొనడానికి వచ్చేవారని నేననుకోను, అటువాళ్ళను చూసుకోవడానికే. ఈ ఒక్క కంచె మాత్రం లోపలికి మనుషుల్ని రానిచ్చింది.

ఇప్పుడు కంచె పని మయన్మార్ వైపు నడుస్తోంది. 1,643 కిలోమీటర్లు. అక్కడ 1968 నుంచి కొండజాతులు సరిహద్దుకు 40 కిలోమీటర్ల దాకా స్వేచ్ఛగా తిరిగే వీలుండేది, 2004లో దాన్ని 16కు తగ్గించారు, 2024 ఫిబ్రవరిలో ఆ ఏర్పాటే రద్దు చేస్తున్నామన్నారు. మణిపూర్‌లో మోరే దగ్గర కంచె నిలబడింది. నాగాలాండ్ మోన్ జిల్లా లాంగ్వాలో మాత్రం సరిహద్దు ఆంఘ్ ఇంటి మధ్యలోంచి పోతుంది. ఆంఘ్ అంటే ఆ కొన్యాక్ ఊళ్ళకు పెద్ద, ఆయన కిందికి వచ్చే ఊళ్ళు రెండు దేశాల్లోనూ ఉన్నాయి. ఇంటిలోంచి కంచెను ఎటు జరిపినా ఊరు రెండు ముక్కలవుతుంది, అందుకే అక్కడివాళ్ళు కంచె వద్దంటున్నారు. ఇవ్వాళ్టికి ఆ ఇంట్లోకి వెళ్ళి గీత ఎక్కడుందని అడిగితే, ఇంట్లోవాళ్ళలో ఎవరో ఒకరు లేచి వచ్చి వేలితో చూపించాలి.